కొట్టు కదిలించడం: ఒక ఆన్‌లైన్ దుకాణాన్ని కొత్తచోటికి మార్చిన అనుభవం

మన ట్రస్టు ఉపకారవేతనం అందుకుంటున్న పిల్లల్లో బి.కాం., బి.సి.ఏ. చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. కిందటి సమావేశంలో ఒక అమ్మాయి నన్ను అడిగింది: "ఆన్‌లైన్ కొట్టు ఎలా పెట్టాలో మాకు పాఠంలో ఉందండీ. పెట్టిన కొట్టుని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మార్చాల్సి వస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు." ఆ ప్రశ్నకి జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. 2020లో షావుకారుపేటలో మా బాబాయి పచ్చళ్ళు, పొడుల కొట్టు విషయంలో నేను చేసిన పనిని, నా తప్పులతో సహా చెబుతాను. లెక్కలు, పన్నుల భాగం కామర్సు పిల్లలది, మిగతాది కంప్యూటర్ పిల్లలది అని పంచుకోకండి. నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే జరిగింది.

చెన్నైలో కొట్టు మార్చడమంటే పాతతరంవాళ్ళకి మొదట గుర్తొచ్చేది కొత్వాల్ చావడి. జార్జిటౌనులో కన్యకాపరమేశ్వరి దేవస్థానం చెంత ఎన్నో తరాలు నడిచిన కూరగాయల టోకు బజారు అది. ఆ సందుల్లో లారీలు తిరగలేని పరిస్థితి వచ్చి, 1996లో బజారు కోయంబేడుకి తరలింది. అప్పుడు మా బాబాయి కుర్రవాడు, మిరపకాయలు, నిమ్మకాయలు కొనడానికి తాతయ్య వెంట రోజూ వెళ్ళేవాడు. ఆయన ఇప్పటికీ చెబుతాడు: "సరుకు లారీకెక్కించడం ఒక పూట పని. ఖాతాపుస్తకం చంకలో పెట్టుకుని పోవచ్చు. పాత బేరాలకి కొత్త చోటు తెలియడానికే నెలలు పట్టింది." ఈ మాట నాకు తరవాత చాలా ఉపయోగపడింది. కంప్యూటర్‌లో కొట్టు మార్చినా కదలాల్సినవి ఆ మూడే: సరుకు, లెక్క, బేరం. కష్టం కూడా ఆ వరుసలోనే పెరుగుతుంది.

ఇక 2020 సంగతి. మే 5న కోయంబేడు మార్కెట్ మూతపడింది. జూన్ 19 నుంచి నెలాఖరు దాకా చెన్నైలో పూర్తి లాక్‌డౌన్. షావుకారుపేటలో షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. బాబాయి కొట్టుకి ఆ రోజుల్లో రాబడి అంటూ ఏదైనా ఉంటే అది వెబ్‌సైటు ద్వారా వచ్చేదే. దాన్ని చాలా ఏళ్ళ క్రితం ఒక డిజైనరు మాజెంటో అనే సాఫ్ట్‌వేర్ మొదటి తరం మీద కట్టి ఇచ్చాడు. ఆ మొదటి తరానికి 2020 జూన్ 30తో కాలం చెల్లుతుందని దాని యజమాని అయిన అడోబీ సంస్థ ముందే ప్రకటించింది.

కాలం చెల్లడమంటే ఏమిటో సరిగా అర్థం చేసుకోండి. మాజెంటో 2008లో అమెరికాలోని వేరియన్ అనే సంస్థ విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని కొట్టు నడుపుకోవచ్చు. 2015లో రెండో తరం వచ్చింది, 2018లో సంస్థని అడోబీ కొనుక్కుంది. మొదటి తరం కొట్లు జూలై 1న ఆగిపోలేదు, అన్నీ యథాప్రకారం నడిచాయి. ఆగింది ఒక్కటే: లోపం బయటపడితే దాన్ని పూడ్చే ప్యాచ్ ఇక యజమాని నుంచి రాదు. ఇది తాళాలు చేసేవాడు ఊరు విడిచి వెళ్ళిపోవడం లాంటిది. తలుపుకేమీ కాలేదు, కానీ దొంగకి తాళంచెవి దొరికిన రోజున పిలవడానికి మనిషి లేడు.

"నడుస్తున్న కొట్టుని ఎందుకురా కదపాలి, అదీ ఈ రోగాల రోజుల్లో?" అని బాబాయి అడిగాడు. అది తీసిపారేసే ప్రశ్న కాదు. కదిపితే చెడేవి చాలా ఉంటాయి, చెడితే ఆ నెల జీతాలకి కూడా డబ్బుండదు. నేను చెప్పిన కారణం ఇది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకి పచ్చళ్ళు పంపమని డబ్బు కడుతున్నారు. వాళ్ళ కార్డుల్లో చాలావాటికి మన కార్డుల్లాగా ఓటీపీ రక్షణ ఉండదు. ఎవరో కొట్టులో దూరి, డబ్బు కట్టే పేజీలో కార్డు నంబరు అడిగే దొంగ పెట్టె ఒకటి ఇరికిస్తే, పోయేది వాళ్ళ డబ్బూ మన పేరూ. బాబాయి ఒక రోజు ఆలోచించి సరేనన్నాడు. ఆ సెప్టెంబరులోనే నేను భయపడింది జరిగింది, అదృష్టవశాత్తు మాకు కాదు. ఒక్క వారాంతంలో 1,904 దుకాణాల్లో అలాంటి దొంగ కోడు దూరిందని శాన్సెక్ అనే భద్రతా సంస్థ లెక్కతేల్చింది. వాటిలో అత్యధికం మాజెంటో మొదటి తరంవే.

ఎక్కడికి మారాలన్నది పెద్ద చర్చ కాలేదు. మాజెంటో రెండో తరం పెద్ద కొట్లకి బాగుంటుంది. దానికి బలమైన సర్వరూ, తెలిసిన ప్రోగ్రామరూ కావాలి. రెండొందల రకాలమ్మే మాకు అది ఏనుగుని కట్టేసుకోవడమే. షాపిఫైలో సర్వర్ తలనొప్పి లేదు, నెలకింత అని అద్దె కట్టాలి. పైగా దాని సొంత చెల్లింపు సేవ మన దేశంలో లేదు కనుక బయటి గేట్‌వే వాడుకున్నందుకు ప్రతి అమ్మకం మీదా అదనంగా ఇచ్చుకోవాలి. వూకామర్స్ అనేది వర్డ్‌ప్రెస్‌కి తోడుగా పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్, 2011లో వచ్చింది. పని కాస్త మనమే చూసుకోవాలి, ఖర్చు హోస్టింగ్ వరకే. మా పిన్ని వర్డ్‌ప్రెస్‌లో వంటల పేజీ రాస్తుంటుంది, అందుకని వూకామర్స్ అన్నాం. మీరు ఇంకొకరికి సలహా చెప్పేటప్పుడు కూడా రోజూ దాన్ని వాడబోయే మనిషికి ఏది చేతనవునో ముందు చూడండి.

మొదటి ఆటంకం సాఫ్ట్‌వేర్‌లో రాలేదు. కొట్టు డొమైన్ పేరు ఎవరిదో చూద్దామని రసీదులు తీయిస్తే, అది బాబాయి పేరున లేదు! డిజైనరు తన సొంత ఖాతాలో, తన ఇ-మెయిల్‌తో రిజిస్టరు చేసుకున్నాడు. బాబాయి ఏటా అతనికి డబ్బిస్తున్నాడు, అతను రెన్యువల్ చేస్తున్నాడు. అంటే ఇరవైమందికి అన్నం పెడుతున్న కొట్టు బోర్డు చట్టప్రకారం వేరొకరి ఆస్తి. ఫోన్ చేస్తే మూడు వారాలు ఎత్తలేదు. ఎత్తాక పాత బాకీ అని ఒక మొత్తం చెప్పాడు. బాకీ లేదని మాకు తెలుసు, వాదించే వ్యవధి లేక కట్టేశాం. అప్పుడు బదిలీకి కావలసిన రహస్య సంకేతం ఇచ్చాడు. దాంతో కూడా పని అంత తేలిక కాదు. డాట్‌కామ్ పేర్లని ఒక రిజిస్ట్రారు నుంచి ఇంకో రిజిస్ట్రారుకి మార్చాక, మామూలుగా 60 రోజుల దాకా మళ్ళీ కదపనివ్వరు. కొట్టు మార్చే తేదీ దగ్గర పెట్టుకుని డొమైన్ గొడవలోకి దిగితే రెండూ చిక్కుపడతాయి. అందుకే మీ ఇంట్లో, మీ బంధువుల్లో ఎవరికి వెబ్‌సైటు ఉన్నా, ఈ వ్యాసం మూసేలోపు ఒక్కటి అడగండి: డొమైన్ ఖాతాలోకి వెళ్ళే ఇ-మెయిలూ, పాస్‌వర్డూ ఎవరి దగ్గర ఉన్నాయి?

సరుకు మార్చడం

సరుకు మార్చడమంటే ఒక డేటాబేస్‌లోని వివరాలు ఇంకో డేటాబేస్‌లోకి చేర్చడం. పట్టికని పట్టికగా నకలు చేస్తే సరిపోదా అని బి.సి.ఏ. మొదటి సంవత్సరంవాళ్ళు అడుగుతారు. సరిపోదు. మాజెంటోలో ఒక సరుకు వివరాలన్నీ ఒక వరుసలో ఉండవు. సరుక్కి ఒక సంఖ్య ఉంటుంది, అంతే. పేరు లాంటి చిన్న అక్షర విలువలు ఒక పట్టికలో, ధర, బరువు లాంటి దశాంశాలు ఇంకో పట్టికలో, పూర్ణాంకాలు ఒకచోట, పొడుగాటి వర్ణన ఒకచోట, తేదీలు ఒకచోట ఉంటాయి. చీరల కొట్టుకి జరీ రకం కావాలి, పచ్చళ్ళ కొట్టుకి కారం మోతాదు కావాలి. పట్టిక నిర్మాణం మార్చకుండా ఎవరికి కావలసిన గుణం వాళ్ళు చేర్చుకోవడానికి చేసిన ఏర్పాటిది. తెలివైన ఏర్పాటే, కానీ గోంగూర పచ్చడి గురించి పూర్తిగా తెలియాలంటే అయిదారు పట్టికలు కలపాలి. వూకామర్స్‌లో ఏర్పాటు వేరు, అక్కడ వర్డ్‌ప్రెస్ పట్టికల్లో పేరూ విలువా జంటలుగా దాస్తారు.

ఇంకో చిక్కు, గోంగూర పచ్చడి నిజానికి ఒక సరుకు కాదు. పావుకిలో, అరకిలో, కిలో సీసాలు మూడు వేరు సరుకులు. వాటి మీద అమ్మేవాడికి మాత్రమే తెలిసే నిల్వ లెక్క ఉంటుంది. కొనేవాడికి కనిపించే పేజీ మాత్రం ఒకటే. పాత కొట్టులో తల్లిసరుకూ, దాని కింద పిల్లలూ ఉన్నట్టే కొత్తచోట కూడా ఆ బంధుత్వం నిలవాలి. లేకపోతే కిలో సీసా బొమ్మ కింద పావుకిలో ధర పడుతుంది. అందుకని నేరుగా డేటాబేస్ నుంచి డేటాబేస్‌కి పోకుండా, మధ్యలో సీఎస్‌వీ ఫైలు పెట్టుకున్నాను. కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు అది, ఏ మనిషైనా తెరిచి చదవచ్చు. పాత కొట్టు నుంచి ఆ ఫైలులోకి, దాన్ని సరిచేసి కొత్త కొట్టులోకి.

నేను తప్పు చేసింది ఆ సరిచేయడంలోనే. ఫైలుని ఎక్సెల్‌లో మామూలుగా రెండుసార్లు నొక్కి తెరిచాను. వెంటనే కనిపించినవి రెండు. తెలుగు, తమిళ పేర్లన్నీ పిచ్చిగీతలయ్యాయి. ఫైలు యూటీఎఫ్-8లో ఉందని ఎక్సెల్‌కి తెలియలేదు. సీసాల మీద 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్‌లు 8.90125ఇ+12 లాగా మారాయి. పొడుగాటి అంకెల్ని ఎక్సెల్ అలా కుదిస్తుంది, అలాగే సేవ్ చేస్తే కుదించిందే ఫైలులో మిగులుతుంది, పోయిన అంకెలు తిరిగి రావు. ఆ రెండూ పట్టుకున్నాను. అసలు ఫైలుని మళ్ళీ తీసి, ఆ నిలువు వరుసలు అంకెలు కావు అక్షరాలని చెప్పి దిగుమతి చేసుకున్నాను. కానీ ఒక వరుసకి చెప్పడం మరిచాను. అది హెచ్.ఎస్.ఎన్. కోడు.

జీఎస్టీలో ప్రతి సరుక్కీ ఒక హెచ్.ఎస్.ఎన్. కోడు ఉంటుందని కామర్సు పిల్లలకి తెలుసు. ఎండుమిరప, కారం 0904 కిందికి, పసుపు, అల్లం 0910 కిందికి వస్తాయి. ముందున్న సున్న చూశారా? ఎక్సెల్ దృష్టిలో అంకెకి ముందు సున్న అనవసరం. 0904 కాస్తా 904 అయింది. కొత్త కొట్టులో కోడుని బట్టి పన్ను రేటు పెట్టేలా నేను ఒక పట్టిక కట్టుకున్నాను. 904 అనే కోడు ఆ పట్టికలో లేదు. దొరకనివాటికి మామూలు రేటు వేయమని రాసిపెట్టాను, మామూలు రేటుగా పెట్టింది 18 శాతం. కారం, పసుపు మీద ఉన్న పన్ను 5 శాతం.

కొనేవాళ్ళెవరికీ తేడా కనిపించలేదు, ఎందుకంటే మేము చూపించే ధర పన్నుతో కలిపిన ధర. లెక్క చేసి చూడండి. 210 రూపాయల కారం పొట్లం. 5 శాతమైతే సరుకు విలువ 200, పన్ను 10. అదే 210లో 18 శాతం పన్ను ఉందనుకుంటే సరుకు విలువ 177.97, పన్ను 32.03. కొనేవాడిచ్చింది అదే 210, కొట్టు మాత్రం ప్రభుత్వానికి పొట్లానికి 22 రూపాయలు ఎక్కువ బాకీపడినట్టు బిల్లులో రాసుకుంది. ఇది మూడు వారాలు నడిచింది. నెల రిటర్ను తయారుచేస్తూ బాబాయి దగ్గర లెక్కలు చూసే పెద్దాయన "కారానికి పద్దెనిమిది ఎప్పుడు వేశారు నాయనా?" అని ఫోన్ చేశాడు. ఆ ఫోన్ తరవాత నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తప్పుగా ఎక్కువ పన్ను వేసిన బిల్లుని చెరిపేయడం కుదరదు, దానికి ఎదురుగా క్రెడిట్ నోటు ఇవ్వాలి. జీఎస్టీ చట్టం 34వ సెక్షను దీనికే ఉంది. ఆయనా, నేనూ కూర్చుని ఒక్కొక్క బిల్లుకీ క్రెడిట్ నోటు రాశాం. ఆయనకి కంప్యూటర్ అంతగా రాదు, నాకు పన్నులు రావు. ఫైలు దిగుమతి చేసిన రోజునే పది బిల్లులు అచ్చువేసి ఆయనకి చూపించి ఉంటే ఒక్క నిమిషంలో పట్టుకునేవాడు.

బేరాన్ని మార్చడం

కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు సీఎస్‌వీలో సులభంగానే వచ్చాయి. రానిది పాస్‌వర్డు. పాస్‌వర్డుని ఏ మంచి కొట్టూ ఉన్నదున్నట్టు దాచదు. ఒక గణిత యంత్రంలో వేసి నలగ్గొట్టి, వచ్చిన పొడిని మాత్రం దాస్తుంది. దీన్ని హ్యాష్ అంటారు. పసుపుకొమ్ము దంచితే పసుపు వస్తుంది, పసుపు నుంచి కొమ్ము రాదు. మీరు లోపలికి రావడానికి పాస్‌వర్డు టైపు చేసినప్పుడు, దాన్ని మళ్ళీ దంచి, పాత పొడితో పోల్చి చూస్తుంది. ఒకే పాస్‌వర్డు పెట్టుకున్న ఇద్దరి పొడి ఒకేలా ఉండకూడదని ప్రతిదానికీ వేరే ఏవో అక్షరాలు కలిపి దంచుతారు. వాటిని కంప్యూటర్‌వాళ్ళు కూడా ఉప్పు అనే అంటారు! మా పిన్ని ఈ మాట విని చాలాసేపు నవ్వింది. మాజెంటో మొదటి తరం రోలు వేరు, వర్డ్‌ప్రెస్ రోలు వేరు. పాత పొడిని తెచ్చి కొత్త డబ్బాలో పోస్తే పోల్చడం కుదరదు.

దీనికి రెండు దారులున్నాయి. పాత పొడిని కూడా తెచ్చుకుని, మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు పాత రోట్లో దంచి పోల్చి, సరిపోతే అప్పుడే కొత్త రోట్లో దంచి దాచుకునే చిన్న కోడు రాసుకోవచ్చు. లేదా అందరినీ కొత్త పాస్‌వర్డు పెట్టుకోమని అడగవచ్చు. మేము రెండోది ఎంచుకున్నాం. పాత పద్ధతి బలహీనమైనది, దాన్ని మోసుకురావడం నాకు నచ్చలేదు. కానీ "మీ పాస్‌వర్డు మార్చుకోండి, ఈ లింకు నొక్కండి" అని మెయిలొస్తే ఏమనుకుంటారు? మోసమనుకుంటారు, అనుకోవాలి కూడా. హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, మీ కొట్టు పేరుతో ఎవరో దొంగ మెయిలు పంపుతున్నారని పిన్నిని హెచ్చరించింది. అప్పుడు పద్ధతి మార్చాం. లింకు లేని మెయిలు ముందు పంపాం: ఫలానా తేదీన కొట్టు మారుతోంది, కార్డు వివరాలు గానీ ఓటీపీ గానీ మేము అడగం, అనుమానముంటే బిల్లు మీదున్న ఫోన్‌కి చేయండి అని. తరచుగా కొనే ఎనభైమందికి పిన్ని తానే ఫోన్ చేసింది. ఆ ఎనభైలో ఒక్కరూ జారిపోలేదు.

చిరునామాల సంగతి ఇంకా ముఖ్యం. మా పాత పేజీల చిరునామాలు డాట్ హెచ్‌టీఎంఎల్ అని ముగిసేవి. కొత్తచోట ప్రతి సరుకు చిరునామాలోనూ ప్రోడక్ట్ అనే మాట మధ్యలో వస్తుంది. అంటే గూగుల్‌కి తెలిసిన పేజీ చిరునామాలన్నీ ఒక్క రాత్రిలో లేకుండా పోతాయి. అక్కడికి వచ్చినవాళ్ళకి పేజీ లేదని 404 కనిపిస్తుంది. దీనికి మందు 301 అనే మళ్ళింపు. సర్వర్ ఇచ్చే ఈ సంఖ్యకి అర్థం, ఇది శాశ్వతంగా ఫలానా చోటికి మారింది అని. 302 అంటే తాత్కాలికంగా మారింది. 301 చూస్తే గూగుల్ పాత పేజీకున్న పరపతిని కొత్త పేజీకి చేరుస్తుంది. సోమరితనంతో అన్ని పాత చిరునామాల్నీ మొదటి పేజీకి మళ్ళించేవాళ్ళున్నారు. గూగుల్ దాన్ని పేజీ లేనట్టుగానే లెక్కేస్తుంది. మనిషికి కూడా అది చికాకే. కొత్వాల్ చావడిలో పాత కొట్టు తలుపు మీద "కోయంబేడుకి వెళ్ళాం" అని రాస్తే ఏం లాభం? ఏ వరుసలో ఎన్నో నంబరు కొట్టో రాయాలి.

కాబట్టి పాత చిరునామా ఒకవైపు, దానికి సరిపోయే కొత్త చిరునామా ఇంకోవైపు, ఒక పట్టిక రాశాను. సరుకుల పేజీలు, వర్గాల పేజీలు, పిన్ని రాసిన వంటల పేజీలు, అన్నీ కలిపి మూడు రోజుల పని. విసుగు పుట్టించే పని, అందుకే దీన్ని వదిలేస్తారు. మళ్ళింపులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మాకు ఏడాది చాలదని బాబాయి గుర్తుచేశాడు. ఆవకాయ జాడీల మీది లేబుళ్ళలో క్యూఆర్ కోడు ఉంది, అది పాత చిరునామాకే పోతుంది. జాడీలు జనం ఇళ్ళల్లో ఏళ్ళతరబడి ఉంటాయి, పచ్చడి అయిపోయినా అందులో పప్పులు పోసుకుంటారు. ఆ మళ్ళింపులు ఈ రోజుకీ తీయలేదు.

మార్చిన రాత్రి

ఆగస్టు 9, ఆదివారం ఎంచుకున్నాం. ఆ నెల్లో ఆదివారాలు తమిళనాడంతటా పూర్తి లాక్‌డౌన్, కొరియర్ కదలదు, ఆర్డర్లు తక్కువ. 22న వినాయక చవితి, ఏదైనా చెడితే సరిచేసుకోవడానికి రెండు వారాల వ్యవధి. శనివారం రాత్రి పదికి పాత కొట్టు మూశాం. రెండు కొట్లూ ఒకేసారి తెరిచి ఉంటే ఉన్న ఒకే సీసాని ఇద్దరికి అమ్ముతాం. పిన్ని గోడౌనులో సీసాలు లెక్కపెట్టి ఫోన్‌లో చెబుతుంటే నేను నిల్వలు ఎక్కించాను. తెరమీది లెక్కకీ, చేతి లెక్కకీ ముప్పై సీసాల తేడా వచ్చింది. కొట్టు మార్చకపోతే ఆ తేడా ఎప్పటికి తెలిసేదో!

డొమైన్ పేరు ఏ సర్వర్‌ని చూపాలో చెప్పే డీఎన్ఎస్ నమోదు మార్చాలి. ప్రతి నమోదుకీ ఒక గడువు సెకన్లలో ఉంటుంది, అంతసేపు ప్రపంచంలోని మిగతా కంప్యూటర్లు పాత జవాబునే గుర్తుపెట్టుకోవచ్చు. మాది 86,400, అంటే ఒక రోజు. గురువారమే దాన్ని 300కి దించాను. అందువల్ల ఆదివారం ఉదయం మార్చగానే అయిదు పది నిమిషాల్లో దాదాపు అందరికీ కొత్త కొట్టు కనిపించింది. ఇది నేను సరిగా చేసిన పని.

సరిగా చేయనిది దాని పక్కనే ఉంది. డీఎన్ఎస్ నిర్వహణని కొత్త సంస్థకి మార్చినప్పుడు వెబ్‌సైటు నమోదు రాశాను, ఉత్తరాలు ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ నమోదు రాయలేదు. కొట్టు బ్రహ్మాండంగా నడుస్తోంది, మెయిల్ మాత్రం రాదు. మెయిల్ రాకపోవడం ఎవరికీ వెంటనే తెలియదు. నిశ్శబ్దాన్ని ఎవరు గమనిస్తారు? బుధవారం బాబాయి "మూడు రోజులుగా ఒక్కడూ ఫిర్యాదు చేయలేదు, ఏదో తేడాగా ఉందిరా" అన్నాడు. సరిచేశాక కొన్ని ఆలస్యంగా వచ్చాయి, కొన్ని పంపినవాళ్ళకే తిరిగివెళ్ళాయి. పాత డీఎన్ఎస్ పేజీని ఒక బొమ్మ తీసి పెట్టుకుని, కొత్తదాంట్లో ఒక్కొక్క వరుసా టిక్కుపెట్టుకుంటూ రాయాలి.

డబ్బు విషయం చెప్పి ముగిస్తాను. చెల్లింపు గేట్‌వే డబ్బు తీసుకున్నాక కొట్టుకి "ముట్టింది" అని కబురు పంపుతుంది. ఆ కబురు ఏ చిరునామాకి పంపాలో గేట్‌వే ఖాతాలో మనం రాయాలి. నేను రాశాను, ఒక అక్షరం తప్పుగా. సోమవారం ఉదయం ఇద్దరు డబ్బు కట్టారు. కబురు అందక కొట్టు వాటిని డబ్బు రానివిగా చూసింది. వూకామర్స్ డబ్బు రాని ఆర్డర్ల సరుకుని మామూలుగా 60 నిమిషాలు పట్టి ఉంచి, తరవాత ఆర్డరు రద్దుచేస్తుంది. కొన్నవాళ్ళ ఖాతాలో డబ్బు పోయింది, చేతికి రద్దు ఉత్తరం వచ్చింది! పిన్ని ఇద్దరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, సరుకుతో బాటు ఒక్కో వడియాల పొట్లం పంపింది. ఒక రూపాయి సరుకొకటి దొంగచాటుగా పెట్టి, తెరవడానికి ముందు నిజం కార్డుతోనూ, యూపీఐతోనూ కొని చూసి ఉంటే ఇది దొరికేది. ఇప్పుడు ఎవరికి పనిచేసినా మొదటి ఆర్డరు నా డబ్బుతోనే.

బిల్లు నంబర్ల గురించి కామర్సు పిల్లలు తప్పక తెలుసుకోవాలి. జీఎస్టీ నియమాల్లో 46వది, బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలకి మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు అంటుంది. మేము మారింది సంవత్సరం మధ్యలో. కొత్త కొట్టు ఒకటి నుంచి మొదలుపెడితే ఏప్రిల్‌లో ఇచ్చిన నంబర్లు మళ్ళీ వస్తాయి. అంతకంటే చిక్కు, వూకామర్స్ ఆర్డరు నంబరు వరుసగా రాదు. మధ్యలో ఒక బొమ్మ ఎక్కించినా, ఒక వంటల పేజీ రాసినా ఆ సంఖ్యల్లో కొన్ని అవి తీసుకుంటాయి. ఆర్డరు నంబరునే బిల్లు నంబరుగా వాడితే మధ్యలో ఖాళీలుంటాయి, ఆ బిల్లులు ఏమయ్యాయని అడిగితే జవాబు చెప్పలేం. ఒకటికంటే ఎక్కువ వరుసలు పెట్టుకోవడానికి నియమం ఒప్పుకుంటుంది. అందుకని ఆగస్టు 9 నుంచి వేరే అక్షరంతో కొత్త వరుస మొదలుపెట్టి, దాన్ని ఆర్డరు నంబరుతో సంబంధం లేకుండా నడిపించాం.

పాత కొట్టు లెక్కల్ని కూడా పారేయడానికి లేదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టం. 2020-21 సంవత్సరానికి ఆ గడువుని 2022 ఫిబ్రవరి 28 దాకా పొడిగించారు, అంటే 2028 ఫిబ్రవరి నెలాఖరు వరకు. పాత సర్వర్‌ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తీసేసి, డేటాబేస్‌ని ఒక డిస్కులోకీ, బిల్లులన్నిటినీ ఎవరైనా తెరవగల పీడీఎఫ్‌లుగా ఇంకో డిస్కులోకీ ఎక్కించాం. ఒకటి లెక్కల పెద్దాయన దగ్గర ఉంది. రెండోది బాబాయి ఇనప్పెట్టెలో, తాతయ్య నాటి ఖాతాపుస్తకాల పక్కన. దాని మీద కారం పొట్లం లేబులొకటి అంటించి, వెనకవైపు "2028 దాకా ముట్టుకోరాదు" అని పిన్ని రాసింది.